తల్లి మడి లెక్క

ఊతం పలక తయారుచేసిన వారికి,

ముందుగా నా చేతిరాతను మన్నించాలి. ఏడో తరగతి దాకానే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా రాదు. యాభై ఏళ్ళు ఉప్పు మడుల్లో నానిన వేళ్ళకు కలం పట్టు చిక్కదు. అర్థం కాని చోట వదిలేసి ముందుకు పొండి. తర్వాతి మాటలో తెలుస్తుంది.

నా పేరు పేరయ్య. గట్టుపాలెం తూముల బడిలో తోడు పంతులుని. సుహాసిని టీచరమ్మ పాఠం చెబుతుంది. చదువుకునేవాళ్ళు బల్లల మీద కూర్చుని, పోటు వేళ గట్టు తూముల్ని యంత్రంతో మూయించే ప్రోగ్రాం రాసేటప్పుడు నేనూ, జకరయ్యా మధ్యలో తిరుగుతూ ఆగిపోయినవాళ్ళకు సాయం చేస్తాం. మా చేతిలో ఉండేది మీరు చేసిన పలకే.

ఈ కాగితాలు నా కోసం రాసుకున్నవి. నోటితో చెప్పలేనివి కాగితం మీద పెట్టుకోవడం నా అలవాటు. చివరికొచ్చేసరికి మీకే పంపాల్సి వచ్చింది. కొట్టివేతలు కూడా అట్లాగే ఉంచాను.

పెద్ద పోటుకు ఇరవై రెండు రోజులు

పొద్దున్నే బల్లల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. పలకను ఛార్జికని ఎండలో పెట్టాను. పద్దెనిమిది మంది వచ్చారు.

పలక మీద పద్దెనిమిది దీపాలు. ఆకుపచ్చ అంటే రాత సాగుతోంది. పసుపు అంటే ఆగారు. ఎరుపు అంటే చిక్కుకున్నారు. పేరు మీద వేలు పెడితే ఎక్కడ చిక్కుకున్నారో, ఏం చెబితే బయటపడతారో చూపిస్తుంది. ముందు చిన్న సూచన, తర్వాత ఇంకొంచెం పెద్దది. జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పదు. మంచి పనిముట్టు. మూడేళ్ళుగా దాని సాయంతోనే నాలాంటివాడు పంతులని పిలిపించుకుంటున్నాడు.

ఎర్ర దీపం ఒకటే ఉంది. మస్తానమ్మది. రోజూ ఆమెదే.

ఆమె బల్ల దగ్గర లేదు. వెనక గోడ పక్కన నేల మీద గొంతుకూర్చుని గవ్వలు వరసగా పేరుస్తోంది. నలభై దాటిన మనిషి. పన్నెండు తూముల గట్టు మీద ఉంటుంది. ఆ గట్టు మీద నలభై ఇళ్ళు. అక్కడి తూముల్ని చూసుకునే పెద్దాయనకు చూపు పోయింది. పోటు వచ్చేలోగా ఆ గట్టు మనిషి ఎవరో ఒకరు పరీక్ష నెగ్గి తూములు నడిపే చీటీ తెచ్చుకోకపోతే నలభై ఇళ్ళనూ ఖాళీ చేయించి మెరక మీద రేకుల షెడ్లలో పెడతారు. ఒకసారి షెడ్లలోకి పోయినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. ఆ గట్టు నుంచి బడికి వస్తున్నది మస్తానమ్మ ఒక్కతే.

"మస్తానమ్మా, పలక ఎర్రగా ఉంది" అన్నాను.

"ఉండనీ మామా. దానికేం తెలుసు, నేను ఆలోచిస్తన్నానని. వేళ్ళు ఆడకపోతే చచ్చిపోయాననుకుంటది."

జకరయ్య అటు నుంచి అందుకున్నాడు. "ప్రోగ్రాం రాస్తావా, గవ్వలాట ఆడతావా?"

"నువ్వు పడవ ఇంజను బాగుచేసేటప్పుడు ముందు బీడీ కాల్చేవాడివి గదా. నేనేమన్నా అన్నానా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నోరు మూసుకునే.

గంట తర్వాత ఆమె లేచి బల్ల దగ్గర కూర్చుంది. ఆగకుండా రాసింది. ఒక్కసారి కూడా చెరపలేదు. ఎర్ర దీపం నేరుగా ఆకుపచ్చ అయింది.

పెద్ద పోటుకు ఇరవై రోజులు

ఈ రోజు రాయడానికి మనసు రావడం లేదు.

పలక మీద మస్తానమ్మ పేరు పక్కన నల్ల గీత పడింది. 'వేరొకరి రాత' అని. అంటే కాపీ కొట్టిందని. గీత పడిన మనిషి పరీక్షకు కూర్చోకూడదు.

ఆ గీతకు కారణం ఉంది. పోయినేడు ఉత్తరపు గట్టు మనిషి ఇంకొకరి ప్రోగ్రాం తెచ్చి పెట్టుకుని నెగ్గాడు. పోటు రోజున ఒక తూము మొరాయిస్తే తన ప్రోగ్రాంలో ఏముందో తనకే తెలియలేదు. పదకొండు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అప్పటి నుంచి టీచరమ్మ ఆ గీత విషయంలో గట్టిగా ఉంటుంది. ఆమెను తప్పు పట్టను.

పలక రాసిన కారణం చదివాను. మొదటిది, ఆమె గంటసేపు ఏమీ రాయదు, తర్వాత అంతా ఒక్కసారే రాస్తుంది. రెండోది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు నూటికి తొంభై ఆరుగురు చేసే తప్పు ఆమె ఒక్కసారి కూడా చేయలేదు.

ఆ తప్పు సున్నా తప్పు. యంత్రం లెక్క సున్నాతో మొదలవుతుంది. వరసలో మొదటి తూము దానికి సున్నా. రెండోది ఒకటి. మనిషి అలవాటుగా ఒకటితో మొదలుపెడతాడు, మొదటి తూము తెరిచే ఉండిపోతుంది. జకరయ్య చేశాడు. టీచరమ్మ కూడా చదువుకునే రోజుల్లో చేసిందట. మస్తానమ్మ చేయలేదు.

నేనూ చేయలేదు.

ఎందుకు చేయలేదో నాకు తెలుసు. మస్తానమ్మ కూడా నాలాగే మడుల మనిషి. ఉప్పు మడుల్లో పెరిగినవాళ్ళు ఎవరూ చేయరు. సముద్రం నీళ్ళు ముందు వచ్చి నిలిచేది తల్లి మడిలో. అందులో ఉప్పు పండదు. అందుకని దాన్ని లెక్కపెట్టం. దాని తర్వాతది ఒకటి, ఆ తర్వాతది రెండు. వేళ్ళ మీద లెక్కపెట్టేటప్పుడు కూడా ముందు పిడికిలి మూస్తాం. మూసిన పిడికిలి తల్లి. అప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ తెరుస్తాం. యంత్రం సున్నా అన్న రోజు మస్తానమ్మ, "ఓస్, తల్లి గదా" అనుకుని ఉంటుంది. నేను అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు నా తప్పు రాస్తాను. ఈ గీతకు మొదలు ఈ రోజు కాదు. ఎనిమిది రోజుల కిందట పలక నన్ను అడిగింది. "ఈ మనిషి మీద అనుమానం ఉంది. మీకు తెలిసింది చెప్పండి" అని ఒక ఖాళీ గడి చూపించింది. నేను రాయలేదు. నా రాత టీచరమ్మ చదువుతుంది, పై ఊళ్ళో మీరు చదువుతారు, నవ్వుకుంటారని. నోటితో చెప్పినా తీసుకుంటుంది గానీ, పదిమంది మధ్య పలకతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. మూడేళ్ళలో ఆ గడిలో నేను ఒక్క మాట కూడా రాయలేదు. వారం రోజులు గడి ఖాళీగా ఉంటే తోడు పంతులు ఒప్పుకున్నట్టే. నిన్నటితో వారం దాటింది.

పెద్ద పోటుకు పద్దెనిమిది రోజులు

రెండు రోజులుగా మస్తానమ్మ బడికి రాలేదు. సాయంకాలం ఎండ తగ్గాక పన్నెండు తూముల గట్టు దాకా నడిచి వెళ్ళాను.

తూములు నిజానికి పదమూడు. టీచరమ్మ వచ్చిన కొత్తలో రిజిస్టరు చూసి అడిగింది, "పదమూడు ఉంటే పన్నెండు తూముల గట్టు అంటారేంటి?" అని. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను పక్కనే ఉండి కూడా చెప్పలేదు. నవ్వుతుందేమోనని.

మస్తానమ్మ గుమ్మంలో వల బాగుచేస్తోంది. నన్ను చూసి పీట వేసింది గానీ తలెత్తలేదు.

"టీ తాగుతావా మామా?"

"వద్దులే."

"అయితే కూర్చో. ఊరికే నిలబడితే పన్ను అడిగేవాడిలా ఉంటావు."

కూర్చున్నాను. ఆమే అంది.

"నలభై ఏళ్ళొచ్చినాయి. ఇంతవరకూ ఒకరి పొయ్యిలో నిప్పు కూడా అడక్కుండా తీసుకోలేదు. ఇప్పుడు దొంగనంట. పక్కింటి సుబ్బులు అడిగింది, ఎవరి దగ్గర రాయించావే అని. ఆ మాటకి చెంప పగలగొట్టాలి గదా? నవ్వి ఊరుకున్నా. ఎందుకో తెలుసా? రేపు షెడ్లల్లో దాని పక్కనే పడుకోవాలి."

నేను చెప్పాలి. నా వల్లే అని చెప్పాలి. నేల మీద ఆమె గవ్వలు ఇంకా అట్లాగే ఉన్నాయి, వరసగా. మొదటి గవ్వ పెద్దది. తల్లి.

"రేపు బడికి రా" అన్నాను.

"ఎందుకు? బల్లలు తుడిచేదానికా?"

లేచి వచ్చేశాను.

పెద్ద పోటుకు పదిహేడు రోజులు

మధ్యాహ్నం బువ్వ వేళ జకరయ్యకు చెప్పాను. పిడికిలి సంగతి, ఖాళీ గడి సంగతి, అంతా. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? పదకొండు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగావా? ఆ గడిలో నేనైతే రోజూ రాస్తా. మొన్న ఎండ ఎక్కువగా ఉందని కూడా రాశా."

"నువ్వు రాయి. నేను చెబుతా."

"నేను రాస్తే నా మాట అవుద్ది. నేను పడవలోళ్ళ పిల్లోణ్ణి. నాకు తల్లి మడి ఏం తెలుసు? ఎవరన్నా తిరగేసి అడిగితే ఏం చెప్పను?" అని, ఆ తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, నీ రాతకి నవ్వేవాడెవడన్నా ఉంటే ముందు నా మాటలకి నవ్వాలి. ముందు టీచరమ్మ దగ్గరికి పో" అన్నాడు.

టీచరమ్మ గదికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. నన్ను చూస్తే ఎప్పుడూ లేచి నిలబడుతుంది, అందువల్ల నాకు ఇంకా సిగ్గు.

"చెప్పండి పేరయ్య గారూ."

జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ముందే రాసి పెట్టుకున్నాను. 'మస్తానమ్మకు కొత్త లెక్క ఇవ్వండి. అందరి ముందు. ఎంతసేపైనా ఆగండి.'

ఆమె చదివింది. నవ్వలేదు. ఎక్కడ తప్పులున్నాయో నాకు తెలుసు, ఆమె కళ్ళు అక్కడ ఆగలేదు.

"ఆమె సొంతంగానే రాసిందని మీకు నమ్మకమా?"

తల ఊపాను.

"నమ్మకం ఉంటే గడిలో ఎందుకు రాయలేదు? నేను మీ మాట కోసమే చూశాను. గడి ఖాళీగా ఉంటే, పేరయ్య గారికే అనుమానం ఉందేమో అనుకున్నాను."

ఆ మాట తగిలింది. నేను ఊరుకుంటే ఏమీ చెప్పనట్టు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె దానిలో ఒక జవాబు చదివింది.

"శుక్రవారం పెడతాను. గీత మాత్రం నేను తీయలేను. ఇద్దరు తోడు పంతుళ్ళు కారణం రాస్తేనే పోతుంది" అంది.

పెద్ద పోటుకు పదమూడు రోజులు

శుక్రవారం.

బడి వెనక నమూనా గట్టు ఉంది. మట్టితో కట్టింది, నడుం ఎత్తు. పదమూడు చిన్న రేకు తూములు. ఒక పక్క తొట్టి నిండా నీళ్ళు.

మస్తానమ్మ వచ్చింది. జకరయ్య వెళ్ళి ఏం చెప్పి తీసుకొచ్చాడో తెలియదు. పన్నెండు తూముల గట్టు నుంచి సగం మంది వచ్చారు. పక్కింటి సుబ్బులు అందరికన్నా ముందు నిలబడింది.

టీచరమ్మ లెక్క చెప్పింది. "ఇప్పటిదాకా 'చివరి తూము వచ్చేదాకా తిప్పు' అని రాశారు. ఈ రోజు అట్లా వద్దు. ఎన్ని తూములో మీరే అంకె వేసి, అన్నిసార్లు తిప్పి, ఒక్కొక్కటీ మూయించాలి. ఇది నేనింకా ఎవరికీ చెప్పని పాఠం. కాపీ కొట్టడానికి ఎక్కడా లేదు."

మస్తానమ్మ గవ్వలు తీసింది. నేల మీద కూర్చుంది.

ముప్పావు గంట. పలక పసుపైంది. ఎరుపైంది. 'సూచన ఇవ్వండి' అంది. మళ్ళీ అంది. టీచరమ్మ నా వైపు చూసింది. నేను చెయ్యి అడ్డంగా ఊపాను, ఆగమని. ఆమె ఆగింది. ఎవరో గట్టు మీది నుంచి అరిచారు, "మస్తానక్కా, పోటు వచ్చి పోయిద్దేమో చూసుకో!" ఆమె తల తిప్పకుండానే, "వస్తే ముందు నీ ఇంట్లోకే వచ్చిద్దిలే, తలుపు తెరిచిపెట్టుకో" అంది.

అప్పుడు లేచింది. బల్ల దగ్గర కూర్చుని ఒక్క బిగిన రాసింది. మీట నొక్కింది.

మొదటి తూము మూసుకుంది. తల్లి తూము. తర్వాత రెండోది, మూడోది. టకటకమని చప్పుడు. అందరూ లెక్కపెడుతున్నారు. పన్నెండు మూసుకున్నాయి.

చివరిది తెరిచే ఉంది.

నీళ్ళు భళ్ళున వచ్చి టీచరమ్మ కాళ్ళు తడిపాయి. సుబ్బులు, "అయ్యో" అంది మెల్లగా. నిజంగానే బాధపడింది. మస్తానమ్మ తన రాత వైపు చూస్తూ ఉండిపోయింది. అందులో పన్నెండు అని వేసి ఉంది.

అప్పుడు నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. అందరూ నా వైపు తిరిగారు. నేను పదిమందిలో పైకి నవ్వడం వాళ్ళెవరూ చూడలేదు.

"టీచరమ్మా" అన్నాను. "ఈ తప్పు పలకలో ఉందేమో చూడండి."

ఆమె వెతికింది. మొదటి తూము వదిలేసే తప్పు ఉంది. చివరి తూము దాటిపోయే తప్పు ఉంది. మొదటిది సరిగ్గా పట్టుకుని, మొత్తం అంకె మాత్రం ఒకటి తక్కువ వేసే తప్పు లేదు.

"అది మా తప్పండీ" అన్నాను. "ఉప్పు మడులవాళ్ళది. మేం తల్లిని మరిచిపోం. తల్లి నుంచే మొదలుపెడతాం. కానీ ఎన్ని అని అడిగితే తల్లిని కలపం. నేను యాభై ఏళ్ళు అదే తప్పు చేశా. అందుకే ఆ గట్టు పేరు పన్నెండు తూముల గట్టు. మీరు వచ్చిన కొత్తలో అడిగారు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. కాపీ కొట్టినామె అయితే ఈ కొత్త లెక్కలో అందరూ చేసే తప్పు చేసేది. ఈ తప్పు చేసేదానికి ఆమె ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన పనిలేదు. గడిలో నేను రాసుంటే ఆమె మీద గీత పడేది కాదు. గీత ఆమెది కాదు. నాది."

నా జీవితంలో పదిమంది ముందు ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

మస్తానమ్మ నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"వారం రోజులు నన్ను దొంగను చేసి, ఇంటికొచ్చి పీట మీద కూర్చుని, వద్దులే అని టీ కూడా తాగకుండా పోయావా మామా?"

"అవును."

"ఈసారి వస్తే రెండు గ్లాసులు తాగాలి. చక్కెర లేకుండా."

కూర్చుని పిడికిలి మూసింది. మూసిన పిడికిలినే ఒకటి అంది. వేళ్ళు తెరుస్తూ పదమూడు దాకా వచ్చింది. పన్నెండు చెరిపి పదమూడు వేసింది. మీట నొక్కింది. చివరి తూము కూడా మూసుకుంది. టీచరమ్మ తడి కాళ్ళతో అట్లాగే నిలబడి చప్పట్లు కొట్టింది.

పెద్ద పోటుకు పన్నెండు రోజులు

గడిలో రాశాను.

బడి వదిలాక ఎవరూ లేకుండా కూర్చున్నాను. పలక నా వేళ్ళను సరిగా పట్టదు, ఉప్పుకు వేలి చర్మం బిరుసెక్కి. ఒక్కో అక్షరం రెండుసార్లు నొక్కాలి. ఐదు వరసలకు గంట పట్టింది. తల్లి మడి సంగతి, పిడికిలి సంగతి, గవ్వలతో ముందు నేల మీద చేసుకునే అలవాటు రాశాను. చివర 'మొత్తం తక్కువ వస్తే తల్లిని కలిపారా అని అడగండి' అని పెట్టాను.

జకరయ్య తన వంతుగా రాశాడు. 'పేరయ్యన్న చెప్పింది నిజం. నేను కళ్ళారా చూశాను. ఈ రోజు ఎండ కూడా ఎక్కువే.'

గీత పోయింది. పలక మీద ఒక వరస వచ్చింది. 'ఇలాంటి సంగతి ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. దాచుకుంటున్నాను.' మూడేళ్ళుగా అది నన్ను అడుగుతూనే ఉంది. నేనే చెప్పలేదు.

పెద్ద పోటుకు తొమ్మిది రోజులు

పరీక్ష. మస్తానమ్మ నెగ్గింది. ముప్పావు గంట నేల మీద, పావు గంట బల్ల దగ్గర. పరీక్ష పెట్టడానికి మెరక నుంచి వచ్చినాయన గవ్వలు చూసి "ఇదేంటి?" అన్నాడు. టీచరమ్మ, "ఇది ఇక్కడి పద్ధతి" అంది. అంతే.

చీటీ చేతికొచ్చాక మస్తానమ్మ దాన్ని సుబ్బులు చేతికిచ్చి చదవమంది. రెండుసార్లు చదివించుకుంది.

పెద్ద పోటుకు ఆరు రోజులు

ఈ రోజు జరిగింది చూసి నేను కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

పలకలో మిగతా గట్ల బడుల సంగతులు కూడా వస్తుంటాయి. అక్కడ తోడు పంతుళ్ళకు ఏ సూచన పనికొచ్చిందో చూపిస్తుంది. ఎక్కడో దక్షిణాన ఉప్పుకొట్టాల గట్టు అట. నేను పేరే వినలేదు. అక్కడ ఎవరో ఒకామె మొత్తం ఒకటి తక్కువ వేసింది. పలక అక్కడి తోడు పంతులుకు సూచన ఇచ్చింది. 'తల్లిని కలిపారా అని అడగండి.' కింద ఆ పంతులు రాశాడు. 'అడిగాను. నవ్వింది. సరిచేసుకుంది.'

అది నా వాక్యం. నా తప్పులు సరిచేసి పెట్టారు, మీరో, పలకో తెలియదు. మాటలు మాత్రం నావే.

పెద్ద పోటు

మిట్టమధ్యాహ్నం వచ్చింది. నా చిన్నప్పుడు సముద్రం రెండు మైళ్ళ అవతల ఉండేది. ఇప్పుడు గట్టు మీద నిలబడితే నురగ మొహాన కొడుతుంది.

నలభై ఇళ్ళవాళ్ళూ గట్టు మీదే ఉన్నారు. మూటలు ఎవరూ కట్టలేదు. పిల్లలు తూములు లెక్కపెడుతున్నారు. మస్తానమ్మ మీట నొక్కి చేతులు కట్టుకుని నిలబడింది. కుడిచేతి పిడికిలి మూసి ఉంది.

తల్లి తూము మూసుకుంది. ఒకటి. రెండు. నీళ్ళు ఎక్కుతున్నాయి. ఆరో తూము దగ్గర నాచు అడ్డం పడి ఆగింది. జనం గోల పెట్టారు. ఆమె కదల్లేదు. "ఆగండి. మూడుసార్లు తోయమని రాశా" అంది. రెండోసారికే నాచు తెగింది. ఏడు. ఎనిమిది.

"పన్నెండూ పడినయ్యి!" అని అరిచాడు ఒక ముసలాయన.

"పదమూడు తాతా" అంది ఆమె. చివరి తూము అప్పుడే దిగింది. "తల్లిని కూడా కలుపుకోవాలి ఇకనించి."

నీళ్ళు గట్టును కొట్టి వెనక్కి పోయాయి. నాకు గ్లాసు తెచ్చి ఇచ్చింది. చక్కెర వేసింది.

పోటు వెళ్ళిన మూడో రోజు

ఇప్పుడు మీకు రాయాల్సింది.

నిన్న పలకలో వెతికాను. వెతకడం టీచరమ్మ నేర్పింది. అన్ని గట్ల మీదా కలిపి ఇంకా పదకొండు మందికి నల్ల గీత ఉంది. కారణం మస్తానమ్మకు రాసినట్టే రాసి ఉంది. గంటసేపు రాయరు, తర్వాత ఒక్కసారే రాస్తారు, సున్నా తప్పు చేయరు. పదకొండు గడుల్లోనూ తోడు పంతుళ్ళ మాట లేదు. ఖాళీ.

వాళ్ళలో కొందరు నిజంగానే కాపీ కొట్టి ఉండొచ్చు. నాకు తెలియదు. కొత్త లెక్క ఒకటి ఇచ్చి, ఆగి చూస్తే తెలుస్తుంది. వాళ్ళ పేర్లు, గట్ల పేర్లు వెనక కాగితం మీద రాశాను. ఆ గట్ల మీద ఎన్ని ఇళ్ళున్నాయో తెలియదు.

మీ పలకను తప్పు పట్టడం లేదు. అది అడిగింది. మేం చెప్పలేదు. కానీ వారం రోజులు గడి ఖాళీగా ఉంటే ఒప్పుకున్నట్టు అని పెట్టారు, అది మార్చాలి. ఆ ఖాళీ గడి వెనక నాలాంటి మనిషి ఉండొచ్చు, అన్నీ తెలిసి, ఒత్తులు రాక ఊరుకున్నవాడు. గడి ఖాళీగా ఉంటే ఎవరినన్నా పంపి నోటితో అడిగించండి. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి మేం వద్దులే అంటాం.

ఇదంతా గడిలోనే రాయొచ్చు గదా అని జకరయ్య అన్నాడు. గడిలో ఐదు వరసలే పడతాయి. ఇది పట్టదు.

ఆ గట్ల మీద తర్వాతి పెద్ద పోటు కోసం పెట్టే పరీక్షలకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఈ కవరు మంగళవారం పడవలో వస్తుంది. శుక్రవారం అదే పడవ తిరిగి వస్తుంది. ఆ పడవకే జవాబు పంపండి, ఆలస్యం చేయకండి. రేవు దగ్గరికి నేనే వస్తాను. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయండి. పైకే చదువుకుంటాను, పక్కన మస్తానమ్మ ఉంటుంది.

ఇట్లు,
పేరయ్య
తోడు పంతులు, పదమూడు తూముల గట్టు దారి,
గట్టుపాలెం